పాత రేజరు చేతికొస్తే: తోమడం ముందు, మందు తర్వాత

ఇల్లు మారేటప్పుడో, అటక దులిపేటప్పుడో తాతగారి ట్రంకుపెట్టె అడుగున ఒక చిన్న డబ్బా దొరుకుతుంది. మూత తీస్తే లోపల సేఫ్టీ రేజరు. పైన నికెల్ పూత ఇంకా మెరుస్తూనే ఉంటుంది. సందుల్లో మాత్రం తెల్లగా ఏదో గడ్డకట్టి, దాని అంచున పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కొందరికి ఇలాంటిది హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనో పాత తాళాలు, వాచీల కుప్పలో కనిపిస్తుంది. ఇంకొందరు అమెరికా నుంచో ఇంగ్లాండ్ నుంచో ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. ఎలా వచ్చినా, చేతిలోకి తీసుకోగానే రెండు మాటలు ఒకేసారి మెదులుతాయి. ఎంత బరువుగా, ఎంత గట్టిగా ఉందో! ఇది ఎవరి గడ్డం మీద తిరిగిందో!

రెండో మాటను చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. ఒకరి దువ్వెన, ఒకరి తువ్వాలు, ఒకరి రేజరు ఇంకొకరు వాడకూడదని ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతూ వచ్చినదానికి బలమైన కారణమే ఉంది. ఎయిడ్స్ గురించి ప్రచారం ఊరూరా జరిగాక, మంగలి షాపులో కూర్చోగానే ‘కొత్త బ్లేడు వెయ్యి’ అని అడగడం మామూలైపోయింది. అది మంచి అలవాటు. అయితే పాత రేజరు విషయంలో మనం భయపడే చోటు ఒకటి, అసలు ప్రమాదం ఉండే చోటు ఇంకొకటి. అందుకే చేసే పని కూడా దారి తప్పుతుంది. కొందరు రేజరును డెట్టాల్ నీళ్లలో ముంచి తీసి, ఇక ఫర్వాలేదనుకుంటారు. కొందరు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి, ఇంత మెరుస్తుంటే ఇంకేముంటుందిలే అనుకుంటారు. మొదటి పద్ధతిలో మురికి అలాగే మిగిలిపోతుంది. రెండో పద్ధతిలో మెరుపు వస్తుంది, క్రిములు పోయాయన్న హామీ మాత్రం ఉండదు. పైగా పూత అరిగిపోవచ్చు.

పాత రేజరు మీద మూడు రకాల సరుకు ఉంటుంది. సబ్బు, చర్మం, వెంట్రుకలు కలిసిన మురికి ఒకటి. లోహం మీద పట్టిన చిలుము, మరకలు రెండోది. కంటికి కనిపించని క్రిములు మూడోది. ఈ మూడింటికీ వేర్వేరు మందులు. ఒకదానికి వేసిన మందు ఇంకోదానికి పనిచేయదు. పైగా వీటికి ఒక వరస ఉంది. మురికి వదిలితే తప్ప క్రిమిసంహారకం క్రిమిని తాకదు. ఆస్పత్రుల్లో పరికరాలు శుభ్రం చేసేవాళ్లకు నేర్పే మొదటి పాఠం కూడా ఇదే.

సేఫ్టీ రేజరుకు పుట్టుకతోనే ఒక సుగుణం ఉంది. మంగలి కత్తిలో చర్మాన్ని కోసే అంచూ, పట్టుకునే కత్తీ ఒకటే ముక్క. ఒకరి రక్తం తగిలిన అంచే రేపు ఇంకొకరికి తగులుతుంది. జిల్లెట్ తెచ్చిన రేజరులో పలచటి బ్లేడు వేరు, దాన్ని పట్టి ఉంచే చట్రం వేరు. కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు దీని మీద అమెరికా పేటెంట్ 1904 నవంబరులో వచ్చింది. అంతకు ముందు ఏడాది, 1903లో, కంపెనీ అమ్మింది మొత్తం 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు కొన్నది. యుద్ధం నుంచి ఇంటికెళ్లిన సైనికుడితోపాటు రేజరు కూడా ఇంటికెళ్లింది, ఆ అలవాటు ప్రపంచమంతా పాకింది. ఆ కాలపు రేజర్లు నూరేళ్లు దాటినా ఇంకా సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నాయంటే, అరిగిపోయేది బ్లేడు, నిలిచేది ఇత్తడి చట్రం కాబట్టే. పాతది కొన్నవాళ్లు కొత్త బ్లేడు వేసుకుంటారు. అంటే రక్తాన్ని నేరుగా తాకే ముక్క ఎలాగూ కొత్తదే. మిగిలిన చట్రం చర్మం మీద జారుతుంది, అప్పుడప్పుడు గాటు పడితే ఆ గాటును తాకుతుంది. శుభ్రం చేయాల్సింది ఆ చట్రాన్ని.

ఇప్పుడు ప్రమాదం సంగతి. రేజరు అనగానే అందరూ భయపడేది రక్తంతో వ్యాపించే మూడు వైరస్‌లకు: హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి. హెచ్‌ఐవీ ఒంటి బయట ఎక్కువసేపు బతకలేదు. హెపటైటిస్-బి మొండిది. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు సజీవంగా ఉండి, అంటుకోగలదు. హెపటైటిస్-సి గది వేడిలో కొన్ని వారాల దాకా నిలవగలదు. ఈ లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తిరగబడుతుంది. ముప్పై ఏళ్లు ట్రంకుపెట్టెలో పడున్న తాతగారి రేజరు గురించి ఈ వైరస్‌ల టెన్షన్ దాదాపు అక్కర్లేదు. ఎవరో పోయిన వారం దాకా వాడి, కొత్తగా మెరుస్తున్నది కదా అని అమ్మేసిన రేజరు విషయంలోనే ఎక్కువ జాగ్రత్త పడాలి. చూడటానికి మురికిగా ఉన్నది భయపెడుతుంది, శుభ్రంగా కనిపించేది నమ్మిస్తుంది. ఇక్కడ కంటిని నమ్మి లాభం లేదు. అమ్మినవాళ్లను ఒక్క మాట అడగాలి: ఇది ఆఖరిసారి ఎప్పుడు వాడారు?

కాలం అన్నిటినీ చంపదు. చర్మం మీద కురుపులు, వెంట్రుక కుదుళ్లలో చీముపొక్కులు తెచ్చే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా, గడ్డంలో తామర తెచ్చే శిలీంధ్రం ఎండిన చర్మపు పొట్టులో చాలాకాలం ఉండగలవు. పులిపిర్ల వైరస్ కూడా గట్టిదే. ముఖం మీద చిన్న చిన్న బల్లపరుపు పులిపిర్లు ఉన్నవాళ్లు షేవ్ చేసుకుంటే, బ్లేడు నడిచిన దారి వెంట అవి వరసగా మొలవడం చర్మవైద్యులకు బాగా తెలిసిన సంగతి. ఇవి మామూలుగా ప్రాణం మీదికి తెచ్చేవి కావు, కానీ నెలల తరబడి వేధించగలవు. ఇక ధనుర్వాతం. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్మకం. తుప్పుకు ఆ శక్తి లేదు. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. తుప్పు పట్టిన మేకు మట్టిలో పడి ఉంటుంది కాబట్టి రెండింటికీ ముడిపడింది. అలాగని సంతలో మట్టినేల మీద గోనెసంచి పరిచి అమ్మే రేజరుకు మట్టి అంటదని చెప్పలేం. ధనుర్వాతం టీకా సమయానికి వేయించుకుని ఉంటే ఆ భయం తీరుతుంది.

రేజరుతోపాటు పాత షేవింగ్ బ్రష్ కూడా వస్తే, దాని కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుర్రపు వెంట్రుకలతో చేసిన చవక బ్రష్‌ల వల్ల బ్రిటన్, అమెరికాల్లో సైనికులకూ మామూలు జనానికీ ఆంత్రాక్స్ సోకింది. దిగుమతి చేసుకున్న వెంట్రుకలను సరిగా క్రిమిరహితం చేయకుండానే బ్రష్‌లు కట్టడం దానికి కారణం. ఆంత్రాక్స్ బీజాలు దశాబ్దాల పాటు చెక్కుచెదరవు, ఇంట్లో దొరికే ఏ మందూ వాటిని నమ్మకంగా చంపలేదు. అన్ని పాత బ్రష్‌లలోనూ అది ఉంటుందని కాదు. కానీ ఇత్తడి రేజరును తోమి, ఉడకబెట్టి, స్పిరిట్‌లో నానబెట్టగలం. జంతువుల వెంట్రుకల బ్రష్‌ను మాత్రం లోపలి ముడి దాకా అలా చేయలేం, చేస్తే వెంట్రుకలు ఊడి చేతికొస్తాయి. పాత బ్రష్‌ను జ్ఞాపకంగా అలమారాలో పెట్టుకోవడమే మంచిది. పిడి మరీ నచ్చితే, వెంట్రుకల ముడి తీసేసి కొత్తది అతికించుకుంటారు.

రేజరు మీద చెయ్యి వేసేముందు అది ఏ లోహమో తెలియాలి. పాత జిల్లెట్ రేజర్లలో ఎక్కువ భాగం ఇత్తడితో చేసి, పైన నికెల్ పూత పూసినవి. కొన్నిటికి బంగారు ముల్లాం ఉంటుంది. నికెల్ పూత గట్టిది. బంగారు పూత అతి పలచన, గట్టిగా రుద్దితే లేచిపోతుంది. కొన్ని మోడళ్లకు పిడి అల్యూమినియంతో ఉంటుంది. చవక రకాల్లో, ఈ కాలపు రేజర్లలో చాలావాటిలో, జమాక్ అనే జింకు మిశ్రమాన్ని పోతపోసి క్రోమియం పూత వేస్తారు. బేకలైట్ పిడులూ, సెల్యులాయిడ్ పిడులూ ఉన్నాయి. అయస్కాంతం దగ్గర పెడితే గట్టిగా అతుక్కుందంటే లోపల ఇనుమో ఉక్కో ఉన్నట్టు. ఇత్తడి అయితే అలా పట్టదు. పూత పోయిన చోట పసుపుగా కనిపిస్తే ఇత్తడి. బూడిదరంగులో గుంటలు పడి, గోరు పెడితే తెల్లటి పొడి రాలుతుంటే జింకు. 1950ల నుంచి అమెరికాలో తయారైన జిల్లెట్ రేజర్ల తల కింద ఒక అక్షరం, ఒక అంకె చెక్కి ఉంటాయి. అక్షరం ఏడాదిని, అంకె ఆ ఏడాదిలో ఎన్నో మూడు నెలల్లో తయారైందో దాన్ని చెబుతాయి. తోమేటప్పుడు ఆ గుర్తు చెరిగిపోకుండా చూసుకోవాలి. పాత వస్తువుకు అదే పుట్టిన తేదీ.

తలను తెరవడం మొదటి పని. మూడు ముక్కల రేజరైతే పిడి తిప్పగానే పై మూత, కింది పలక, పిడి దేనికది ఊడివస్తాయి. వీటిని శుభ్రం చేయడం తేలిక. పిడి చివర తిప్పితే పైన రెండు తలుపులు చిన్న కిటికీ రెక్కల్లా తెరుచుకునే రకాలు ఇంకొన్ని ఉన్నాయి. అవి విడదీసేవి కావు, విడదీయడానికి ప్రయత్నించకూడదు కూడా. ఎక్కడ తెరిచినా ముందు జాగ్రత్తగా చూడాల్సింది లోపల పాత బ్లేడు ఉందేమోనని. చాలాసార్లు ఉంటుంది, తుప్పుతో అతుక్కుపోయి. వేళ్లతో పీకకూడదు. కాసేపు నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో రెండు పొట్టి అంచులు పట్టుకుని తీయాలి. దాన్ని అలాగే చెత్తబుట్టలో వేస్తే మర్నాడు చెత్త ఏరే మనిషి చెయ్యి తెగుతుంది. ఖాళీ రేకు డబ్బాలో వేసి, టేపు చుట్టి, మీద ‘బ్లేడ్లు’ అని రాసి, వేరుగా చేతికివ్వాలి. బ్లేడు తుప్పు వల్ల పలక మీద పడిన ఎర్రటి మరకకు బెంగ అక్కర్లేదు. ఇత్తడి తుప్పు పట్టదు, అది బ్లేడు వదిలిన మరకే, చాలావరకు పోతుంది.

బ్లేడు తీశాక తలుపుల కింద కనిపించేది నిజంగా చూడాల్సిన దృశ్యం. పెళుసుగా, సున్నంలా, బూడిద కలిసిన తెలుపులో ఒక పొర. పంటిపుల్లతో గీకితే చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతుంది, పెచ్చు లోపల కత్తిరించిన గడ్డపు వెంట్రుకలు ముళ్లలా గుచ్చుకుని ఉంటాయి. దీన్నే జనం పాచి అనీ సబ్బు మరక అనీ అంటారు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బులోని కొవ్వు ఆమ్లం వాటితో కలిసి నీళ్లలో కరగని సున్నపు సబ్బుగా మారుతుంది. బోరు నీళ్లతో స్నానం చేసే ఇళ్లలో బకెట్ అంచున పేరుకునే తెల్లటి గార కూడా ఇలాంటిదే. నీళ్లలో కరగదు కాబట్టి ఉత్త నీళ్లతో ఎంత కడిగినా పోదు. స్పిరిట్ పోసినా పోదు. క్రిములు ఈ పొర కింద ఇటుకగోడ వెనకాల దాక్కున్నట్టు క్షేమంగా ఉంటాయి. అందుకే డెట్టాల్‌లో ముంచి తీయడం చాలదు.

దీన్ని వదిలించడానికి గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు కడిగే లిక్విడ్ చాలు. గిన్నెల సబ్బు బిళ్లలు వద్దు, వాటిలో గరుకు పొడి ఉంటుంది. అరగంట నానాక మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. నీళ్లు పాలనీళ్లలా మారతాయి. పారబోసి మళ్లీ నానబెట్టాలి. మొదటి విడతలో పై పొర, రెండో విడతలో మూలలు వస్తాయి. కింది పలక పళ్ల సందుల్లోకి దారం దూర్చి అటూ ఇటూ లాగితే బ్రష్‌కు అందని మురికి వస్తుంది. పిడి మీది చెక్కుడు గీతల్లో కూడా సబ్బు గట్టిగా పేరుకుంటుంది. చెయ్యి పట్టుకునే చోటు కాబట్టి దాన్నీ వదలకూడదు. సున్నపు పొర ఇంకా మొండికేస్తే, గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా నిమ్మ ఉప్పు కలిపి అయిదు నిమిషాలు ఉంచి తీయాలి. పులుపు ఆ సున్నపు సబ్బును విడగొడుతుంది, మిగిలిన కొవ్వును లిక్విడ్ లాగేస్తుంది. అయిదు నిమిషాలంటే అయిదే. రాత్రంతా నానబెడితే పూత మసకబారుతుంది. జింకు రేజరుకైతే ఈ పులుపు అసలు తగలకూడదు. అల్యూమినియం పిడికి పులుపూ పడదు, బట్టల సోడా లాంటి క్షారమూ పడదు. దానికి ఉత్త లిక్విడ్ నీళ్లే.

తలుపుల రకానికి టూత్‌బ్రష్ పూర్తిగా అందదు. మురికి పిడి గొట్టంలోకి కూడా దిగి ఉంటుంది. నగల షాపుల్లో, కళ్లజోళ్ల షాపుల్లో అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉంటుంది. నీళ్లలో శబ్దతరంగాలు పుట్టించే సూక్ష్మమైన బుడగలు పేలి, సందుల్లోని మురికిని విదిలిస్తాయి. పరిచయం ఉన్న షాపులో అడిగితే రెండు మూడు నిమిషాల పని. అయితే అంతకు ముందే ఇంట్లో ఒకసారి కడిగి తీసుకెళ్లాలి, ఆ తొట్టిలో ఇంకొకరి కళ్లజోడు కూడా పడుతుంది కదా. పూత పెచ్చులుగా లేచి ఉన్న రేజరును అందులో వేస్తే ఆ పెచ్చులు ఊడిపోతాయి, అది గుర్తుంచుకోవాలి.

మురికి పోయాక మిగిలేది చిలుము. పూత అరిగి ఇత్తడి బయటపడ్డ చోట పచ్చగా, కొంచెం జిగటగా కనిపిస్తే అది చాలావరకు రాగి సబ్బు. ఇత్తడిలోని రాగి, సబ్బులోని కొవ్వు ఆమ్లం కలిసి తయారయ్యేది. పంటిపుల్లతో వచ్చేస్తుంది. ఇక్కడే తెలుగిళ్లలో అందరి చెయ్యీ చింతపండు వైపు వెళ్తుంది. ఇత్తడి చెంబును తళతళలాడించే చింతపండు రేజరుకు పనికిరాదా? చెంబు మొత్తం ఇత్తడే, పైపొర కొంచెం పోయినా లోపల కూడా అదే. రేజరు మెరుపంతా వెంట్రుక మందం కూడా లేని పూతలో ఉంది. పూత బాగున్న చోట చింతపండుకు పనే లేదు. పూత పోయిన చోట పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు కరిగి, పైన రాగి మిగిలి, గులాబీరంగు మచ్చలు తేలతాయి. చింతపండుతో ఉప్పు, పీచు కలిపి రుద్దితే గీతలు కూడా పడతాయి. ఇత్తడి పాలిష్‌లు, పొడులు ఇంకా దూకుడువి. మెరుపు మీద మోజుతో నూరేళ్ల పూతను ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకున్నవాళ్లు చాలామందే. పాత వస్తువు మీద కొద్దిపాటి మచ్చ ఉంటే ఉండనివ్వడమే దాన్ని గౌరవించడం.

అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు ఇత్తడికి అసలు తగలనివ్వకూడదు. దీని వెనక మన దేశంలోనే మొదలైన ఒక కథ ఉంది. 19వ శతాబ్దంలో ఇక్కడి బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తుపాకీ తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు వెలిసి బయటికి తీస్తే ఇత్తడి గొట్టాలు వాటంతటవే పగిలి ఉండేవి. వానాకాలంలో వచ్చేవి కాబట్టి వాటికి ఋతువు పేరు మీద ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పడింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, సాగదీసి చేసిన ఇత్తడిలో దాగి ఉన్న ఒత్తిడి కలిసి లోహాన్ని చీలుస్తున్నాయని తర్వాత తేలింది. పాత జిల్లెట్ రేజర్ల పిడులు కూడా అలా సాగదీసిన ఇత్తడి గొట్టాలే. వాటిలో కొన్నిటికి నిలువునా వెంట్రుకంత పగులు కనిపించడం సేకరించేవాళ్లందరికీ తెలిసిన లోపం. కొనేముందు పిడిని వెలుతురులో తిప్పి చూడటం, గోరుతో నిమరడం తప్పనిసరి. పగులు ఉంటే అందులో తడి నిలిచి, ఎంత కడిగినా మళ్లీ మురికి చేరుతుంది.

ఇప్పుడు, ఇంత తోమాక, క్రిముల వంతు. నిజానికి పెద్ద భాగం ఈపాటికే డ్రైనేజీలోకి పోయింది. తోమి, పారే నీళ్లలో కడగడమే క్రిముల సంఖ్యను బాగా తగ్గిస్తుంది. మందులకు లొంగని బీజాలను, పులిపిర్ల వైరస్ లాంటి మొండివాటిని వదిలించే దారి కూడా ప్రధానంగా అదే. మిగిలినవాటికి ఇంట్లో వాడటానికి అన్నిటికన్నా మంచిది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కరోనా తర్వాత మెడికల్ షాపుల్లో తేలిగ్గా దొరుకుతోంది. ఇందులో 10 నిమిషాలు ఉంచితే హెపటైటిస్-బి వైరస్ పనిచేయకుండా పోతుందని ప్రయోగాల్లో తేలింది. 99 శాతం ఇంకా మంచిది కదా అనిపిస్తుంది, కానీ కాదు. క్రిమిలోని ప్రొటీన్లు విరగడానికి కొంత నీరు కావాలి, పైగా చిక్కటి ఆల్కహాల్ తన పని పూర్తికాకముందే ఆవిరైపోతుంది. దూదితో ఒకసారి తుడిస్తే కొన్ని సెకన్లలో ఆరిపోతుంది, అది లెక్కలోకి రాదు. మూత ఉన్న గాజు సీసాలో రేజరు ముక్కలన్నీ మునిగేలా పోసి, పది నిమిషాలు ఉంచాలి. తలుపుల రకమైతే తలుపులు తెరిచే ఉంచాలి, మునిగాక రెండు మూడుసార్లు తెరిచి మూస్తే లోపలి గాలిబుడగలు పోయి ద్రవం అన్ని చోట్లకూ చేరుతుంది. గ్యాస్ పొయ్యి, దీపం దగ్గర ఈ పని వద్దు. సెల్యులాయిడ్ పిడిని, రంగు వేసిన భాగాన్ని ఆల్కహాల్‌లో ముంచకూడదు. తలను మాత్రం విడదీసి ముంచాలి.

సావ్లాన్‌లో సెట్రిమైడ్, క్లోర్‌హెక్సిడిన్ ఉంటాయి. అవి మంచి మందులే, కానీ సబ్బు తగిలితే నీరుగారిపోతాయి. సబ్బుది ఒక విద్యుదావేశం, వీటిది దానికి వ్యతిరేకమైనది. రెండూ అతుక్కుని ఒకదాన్నొకటి పనిచేయనివ్వవు. అంటే సబ్బు పొర మిగిలిన రేజరును సావ్లాన్‌లో ముంచడం అంటే మందును పాడుచేయడమే. డెట్టాల్ కూడా కొన్ని బ్యాక్టీరియాల మీద బాగా పనిచేసినా, కొన్నిటి మీద బలహీనం. పాశ్చాత్య దేశాల సెలూన్లలో నీలిరంగు ద్రవంలో దువ్వెనలు మునిగి ఉన్న గాజు జాడీ కనిపిస్తుంది. అది 1947లో మారిస్ కింగ్ తయారుచేసిన బార్బిసైడ్. అది కూడా లేబుల్ చెప్పిన పాళ్లలో కలిపి, పది నిమిషాలు ఉంచితేనే పనిచేస్తుంది. ఏ మందైనా ఎంతసేపు తడిగా తగిలిందన్నదే లెక్క.

బ్లీచ్ క్రిములను బాగా చంపుతుంది, లోహాన్ని కూడా తినేస్తుంది. ఒక్కసారి వాడినా నికెల్ మీద, ఉక్కు మీద గుంటలు పడొచ్చు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, నిమ్మ ఉప్పు, వెనిగర్, బాత్రూం యాసిడ్ లాంటి పులుపు తగిలిన చోట బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రేజరు కోసం బ్లీచ్ వాడాల్సిన అవసరమే లేదు. ఈమధ్య అమ్ముతున్న అతినీలలోహిత కాంతి డబ్బాల గురించి ఒక్క మాట చాలు. వెలుగు పడ్డ చోటే అవి పనిచేస్తాయి, రేజరులో మురికి ఉండేది వెలుగు పడని చోట.

ఉడకబెట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన పద్ధతి. నికెల్ పూత వేసిన ఇత్తడి రేజరుకు ఇది బాగానే పనికొస్తుంది. గిన్నె అడుగున గుడ్డ పరిచి, చల్లటి నీళ్లలో వేసి, మరిగాక పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచి, నీళ్లు చల్లారాకే తీయాలి. బోరు నీళ్లతో మరిగిస్తే మళ్లీ తెల్లటి పొర అంటుకుంటుంది, ఫిల్టర్ నీళ్లు వాడాలి. 1955 తర్వాత వచ్చిన కొన్ని జిల్లెట్ మోడళ్లకు పిడి చివర ఎర్రరంగు, నీలిరంగు ఉంటాయి. అంకెల చక్రం తిప్పి బ్లేడు కోణం మార్చుకునే మోడళ్లలో అంకెల్లో రంగు ఉంటుంది. వేడికి ఆ రంగులు లేచిపోతాయి. బేకలైట్, సెల్యులాయిడ్, బంగారు ముల్లాం వాటిని ఉడకబెట్టకూడదు. సెల్యులాయిడ్ తేలిగ్గా అంటుకునే పదార్థం, పొయ్యి దగ్గరికే తీసుకెళ్లకూడదు.

తర్వాత ఆరబెట్టడం. దీన్ని చాలామంది పట్టించుకోరు, అయితే మళ్లీ క్రిమి, మళ్లీ చిలుము చేరేది తడిలోనే. మెత్తటి నూలుగుడ్డతో తుడిచి, విడదీసిన ముక్కలను గాలి తగిలే చోట రాత్రంతా ఉంచాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పూత పోయిన చోట ఇత్తడి త్వరగా నల్లబడుతుంది. అక్కడ రేజరును బాత్రూంలో కాకుండా పొడి గదిలో పెట్టుకోవడం నయం. తలుపుల రేజరు బిగుసుకుపోయి ఉంటే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక్క చుక్క వేస్తే చాలు. కొబ్బరినూనె వేయకూడదు. కొన్నాళ్లకు అది జిడ్డుగా గడ్డకట్టి, కొత్త మురికిని పట్టి ఉంచుతుంది.

ఏది బాగుచేసుకోవచ్చు, ఏది వదిలేయాలన్నది కూడా తెలిసి ఉండాలి. పూత అక్కడక్కడ పోయి ఇత్తడి కనిపిస్తున్న రేజరును నిశ్చింతగా వాడుకోవచ్చు. నికెల్ పడక చర్మం దద్దుర్లెక్కేవాళ్లకు మాత్రం నికెల్ పూత రేజరు మంచిది కాదు. జింకు రేజరులో గుంటలు పడి పొడి రాలుతుంటే, పిడి పగిలితే, కింది పలక పళ్లు వంగి బ్లేడు ఒకవైపు ఎక్కువ బయటికి వస్తుంటే ఇక వాడకూడదు. వంగిన పలక ముఖం కోస్తుంది, ఎంత క్రిమిరహితం చేసినా ఆ కోత తప్పదు. మధుమేహం ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవాళ్లు, మొహం మీద అప్పటికే పొక్కులో పులిపిర్లో ఉన్నవాళ్లు పాత రేజరు జోలికి వెళ్లేముందు డాక్టర్‌తో ఒక మాట మాట్లాడటం మంచిది.

ఇంత కష్టపడి బాగుచేసిన రేజరు ఇంట్లో ఒక్కరిదే కావాలి. తండ్రీకొడుకులు ఒకే రేజరు, అదీ ఒకే బ్లేడుతో వాడటం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. ఇంట్లోవాళ్లమే కదా అనే ధీమా అక్కడ పనిచేయదు. హెపటైటిస్-బి ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించదు, తమకు అది ఉందని వాళ్లకే తెలియదు. ఈ వైరస్‌కు టీకా ఉంది. మన దేశంలో పిల్లల టీకాల కార్యక్రమంలోకి అది 2002లో కొన్ని చోట్ల ప్రయోగాత్మకంగా వచ్చింది, దేశమంతటికీ చేరేసరికి 2011 అయింది. కాబట్టి ఇప్పుడు షేవ్ చేసుకునే వయసులో ఉన్న మగవాళ్లలో చాలామంది చిన్నప్పుడు అది వేయించుకుని ఉండరు. పెద్దయ్యాక కూడా వేయించుకోవచ్చు, మామూలుగా ఆరు నెలల్లో మూడు డోసులు. పాత రేజర్లు కొని వాడే సరదా ఉన్నవాళ్లు మొదటి రేజరు కొనేముందే దగ్గరలోని ఆస్పత్రిలో దీని గురించి అడగాలి.